మా మామ ఆడిన ఒక్క ఏటి ఫుట్‌బాల్

నిన్న కోవిల్‌పట్టిలో బస్సు దిగగానే కడలమిట్టాయి, అదే పల్లీ పట్టీ, కోసం కాచే బెల్లం పాకం వాసన తగిలి, మా రంగసామి మామ ఫుట్‌బాల్ ఆడిన ఏడాది గుర్తుకొచ్చింది. ఐదో క్లాసుతో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది హాకీ ఊరు. ఎండాకాలం సెలవుల్లో కర్ర దొరకని పిల్లలు తాటిమట్టతో ఆడేవాళ్ళు, పెద్దవాళ్ళు పాకం కలుపుతూ, అగ్గిపెట్టెలకు కాగితాలు అంటిస్తూ కూడా నిన్నటి ఆట గురించే వాదించుకునేవాళ్ళు. అలాంటి ఊరికి, పెద్ద పట్నాల ఫుట్‌బాల్ లీగు ఇకమీద చిన్న ఊళ్ళకూ వస్తుందని చెప్పి, ఒక జీతాల టీమును ఇచ్చారు. మా ఊరినే ఎవరు, ఏం చూసి ఎంచుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. జనం కూర్చుని చూడ్డానికి సర్వీ కట్టెలతో మెట్లు కట్టారు, పండుమిరప రంగు చొక్కాలు కుట్టించారు, హాకీలో గోలు కాసే మామను గోలీగా తీసుకున్నారు. మామ మిట్టాయి పని వదిలేశాడు.

చిక్కల్లా మామ కాళ్ళతోనే. హాకీలో గోలు కాసేవాడు బంతిని కాలితో తన్నేస్తాడు. చేతులతో పట్టాల్సిన బంతినీ మామ అలాగే తన్నేవాడు, అది ఎదుటివాళ్ళకు దొరికి గోలయ్యేది. చూసేవాళ్ళూ అంతే, హాకీలో లాగే ఎవరి కాలికి బంతి తగిలినా “కాలు, కాలు” అని తప్పు పట్టేవాళ్ళు. ఇంకోసారి తన్నితే టీములోంచి తీసేస్తానని కోచ్ చెప్పాడట. ఆ రోజు మామ అన్నం ముట్టలేదు.

మామ తల్లి, మా అవ్వ, వంటింట్లోంచి ఒక బెల్లం ఉండ తెచ్చింది.

“లెయ్యిరా, పట్టుకో.”

“ఏంటికిమా?”

“తినే పదార్తము. కాలు తగిలితే పాపము. ఇప్పుడు తన్ను, సూస్తాను.”

విసిరింది. మామ కాలు లేచి, గాలిలోనే ఆగిపోయింది. ఉండ వచ్చి పొట్టకు కొట్టుకుంది.

“కాలుకు బుద్ది వొచ్చె. చేతికింకా రాలే” అన్నాడు తాత.

ఆ వానాకాలమంతా సాయంత్రాలు అవ్వ విసురుతూ ఉంటే, పగిలిన ముక్కలు మేము ఏరుకుని తింటూ ఉంటే, మామ చేతులు పట్టడం నేర్చుకున్నాయి.

విరుదునగర్ టీముతో ఆటకు ఇంటిల్లిపాదీ వెళ్ళాం. బంతి నేరుగా మామ మీదికి వచ్చింది. రెండు చేతులా పట్టి గుండెకు అదుముకున్నాడు, తరువాత అలవాటుగా కళ్ళకద్దుకున్నాడు. మెట్ల మీద అందరూ నవ్వారు. అవ్వ మాత్రం “అట్ల” అంది, అంతే. కోచ్ మామను తీసెయ్యలేదు.

మరుసటి ఏడు లీగే లేదన్నారు. బయటి ఊళ్ళ ఆటగాళ్ళు రైలెక్కి ఎటు పోయారో తెలియదు. మామ మళ్ళీ పాకం కలపడానికి వెళ్ళాడు.

ఇప్పుడా మెట్లు లేవు, గోలు స్తంభాలు లేవు, వాటి గుంటలూ పూడిపోయాయి. ఫుట్‌బాల్ టీము సంగతి చెబితే మా తమ్ముడి కొడుకు నమ్మడు. నిన్న ముసలి మామను మైదానానికి తీసుకుపోయి అడిగాను.

“గోలు యాడ ఉండె మామా?”

హాకీ పిల్లలను దాటుకుంటూ వెళ్ళి ఒకచోట నిలబడ్డాడు. కాదని కొంచెం పక్కకు జరిగాడు. పడమటికి తిరిగి కళ్ళు చిట్లించాడు.

“ఎండ కంట్లోనే కొడతా ఉండె. ఈడే.”