కుడిచేతి ముద్ద

పక్షవాతం నా కుడిపక్కను పట్టుకుపోయింది గానీ నోటి జోలికి రాలేదు. అదేదో తారుమారైతే బాగుండేదని మా అమ్మాయి అనుకునే ఉంటుంది. నయాపూల్ దగ్గరి ఆఫీసులో ఏళ్ళ తరబడి గుమస్తాలను తిట్టిన నోరు, శాలిబండలో అల్లుడి ఇంట మంచమెక్కగానే ఊరుకుంటుందా? ఇంటిల్లిపాదినీ తిట్టేవాణ్ణి.

ఎడమచెయ్యి బాగానే ఉంది. అయినా దాంతో అన్నం ముట్టేవాణ్ణి కాదు. కడుక్కునే చేత్తో కంచం ముట్టుకోవడం మా ఇంటా వంటా లేదు. చిన్నతనంలో ఒకసారి ముట్టుకుంటే మా నాన్న కంచం లాగేసి బయటికి గెంటాడు. అందుకని మొదట్లో మా అమ్మాయే తినిపించేది. ముద్ద పెడుతూ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఎదురుగా కూతురు ఏడుస్తుంటే అన్నం ఎలా దిగుతుంది? వద్దు పొమ్మన్నాను. అప్పుడు అల్లుడు ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చాడు.

ఇరవై దాటి ఉంటాయి. కంచన్‌బాగ్ అవతల బస్తీలో ఇల్లు. క్రైస్తవులు. ఏదో ఆస్పత్రిలో రోగులను ఎత్తి దించే పని చేసి వచ్చాడు. రాగానే నన్ను బియ్యం బస్తాలా ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. నెల తిరక్కుండానే "సారు" పోయి "బాపు" వచ్చింది. బాపు అంటే నాకు తెలిసింది గాంధీగారే. నా బోడితల చూసి వెక్కిరిస్తున్నాడనుకుని తిట్టాను. వాళ్ళవైపు కన్నతండ్రిని అలా పిలుస్తారట. ఆ సంగతి తెలిశాక ఒక పూట ఎవరినీ తిట్టలేదు.

వాడు జాలిపడుతూ తినిపించేవాడు కాదు. బేగంబజార్ హమాలీల తగవులు అభినయించి చూపిస్తూ, నేను నోరు తెరవడం ఆలస్యమైతే ముద్ద తానే మింగేస్తానని బెదిరించేవాడు.

"ఎడమచెయ్యి మంచిగనే ఉంది గద బాపూ, దాంతోని తినొచ్చు గద," అన్నాడొకసారి.

మావైపు తినరన్నాను.

"మా దిక్కు గూడ తినరు తియ్యి," అని నవ్వి ఇంకో ముద్ద కలిపాడు.

నా నోటి దురుసుకు స్నేహితులెవరూ నిలవలేదు. నిలిచింది వీడొక్కడే. వాడంటే నాకు ప్రాణం.

ఆ ఏడాది గొడవలు జరిగి పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టారు. వాడు రాలేదు. నేను మజ్జిగ తాగి పడుకున్నాను. ఆకలి కన్నా వాడేమయ్యాడోనన్న భయమే నన్ను ఎక్కువ తినేసింది.

కర్ఫ్యూ సడలించిన పూట వాడు నాకు అన్నం పెట్టడానికే బయలుదేరాడట. దారిలో ఎవరో పుకారు లేపారు. జనం పరుగులు తీశారు, దుకాణాల షట్టర్లు దబదబా పడిపోయాయి. వీడు ఒక దుకాణంలోకి దూరాడు. మనిషి లోపలికి చేరాడు గానీ కుడిచెయ్యి షట్టరు కింద నలిగిపోయింది. దవాఖానకు పోయే దారి లేక, పక్క గల్లీలో ఎముకలు సరిచేసే పహిల్వాన్ దగ్గర కట్టు కట్టించుకున్నాడు. కట్టు విప్పేసరికి వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి.

అలాగే వచ్చాడు. అన్నాళ్ళూ నన్ను అల్లుడే ఎత్తి దించాడు, అమ్మాయే తినిపించింది. అల్లుడు ఆ చెయ్యి చూసి, అప్పటికే వేరే మనిషిని మాట్లాడానని నెమ్మదిగా చెప్పాడు. నేను అరిచాను. నాన్నా, నిన్ను ఎత్తలేనివాడితో ఎలా వేగుతాం అంది అమ్మాయి. ఇల్లు నాది కాదు, ఒళ్ళు కూడా నా మాట వినదు.

అమ్మాయి కంచం తెచ్చి పెట్టింది. వాడు అలవాటు చొప్పున నా పక్కన కూర్చుని కంచంలోకి ఎడమచెయ్యి చాపబోయి, ఆగి, వెనక్కి తీసుకున్నాడు.

"ఇగ నాకు పనెవడిస్తడు బాపూ?" అన్నాడు.

కంచం దగ్గరికి లాక్కుని ఎడమచేత్తో అన్నం కలిపాను. సగం మెతుకులు ఒళ్ళోనే పడ్డాయి. మొదటి ముద్ద వాడి నోటికి అందించాను. వాడు నా మొహం చూసి, నోరు తెరిచాడు. రెండోది నేను తిన్నాను. ఎంగిలి అనబోయిన అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. కంచం ఖాళీ అయ్యేదాకా వాడికొకటి, నాకొకటి.

వాడు వెళ్ళిపోయాక కొత్త మనిషి వచ్చి నన్ను మంచం మీదికి ఎత్తాడు.