అరికాళ్ళ మీది దెబ్బలు

డిసెంబరు వచ్చిందంటే పోలీసు స్టేషన్లో అందరి గొంతులూ పెరుగుతాయి. ఏడాదిలో ఎన్ని కేసులు కట్టాం, ఎన్ని తేల్చాం అన్న నివేదిక పైకి పోవాలి. తేలని కేసులు ఎక్కువున్న ఎస్సైని వార్షిక సమీక్షలో అందరి ముందూ లేపి నిలబెడతారు. అక్కడ పడ్డ మాటల కోపం ఎస్సై నుంచి మా మీదికి, మా నుంచి లాకప్పులో ఉన్నవాడి మీదికి దిగుతుంది. మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల చాలా ఏళ్ళు పనిచేశాను. ఇది ఏ స్టేషన్లో జరిగిందో రాయను. నేనప్పుడు అక్కడ హెడ్ కానిస్టేబుల్ని.

ఆ ఏడు మాకు తేలకుండా మిగిలినవి ఎక్కువగా గొర్రెల దొంగతనాలే. సమీక్షకు ఇంకా రెండు రోజులున్నాయనగా, పొద్దున్నే ఒక పల్లె నుంచి ఫోనొచ్చింది. గొర్రెల దొంగను పట్టుకున్నామన్నారు. డ్రైవర్ని తీసుకుని జీపులో బయల్దేరాను.

మేం పోయేసరికి ఒక మనిషిని కరెంటు స్తంభానికి కట్టేసి, టమాటా తోటల్లోని డ్రిప్పు పైపులతో కొడుతున్నారు. చొక్కా చినిగి వీపుకు అతుక్కుపోయింది. ఒకడు జుట్టు పట్టుకుని అతని తలను స్తంభానికేసి మోదుతున్నాడు. మోదిన ప్రతిసారీ చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేస్తున్నారు. నేను గుంపును తోసుకుని పోయి అతని మీద అడ్డంగా పడ్డాను. అతనికి తగలాల్సిన దెబ్బ నా భుజం మీద పడి చెయ్యంతా మొద్దుబారింది.

"మీరు పట్టుకోకపోతిరి, మేం పట్టుకుంటే అడ్డమొస్తిరి. పక్కకు జరుగు సార్!" అని జుట్టు పట్టుకున్నవాడు అరిచాడు.

డ్రైవరు తాడు కోశాడు. ఇద్దరం అతన్ని ఈడ్చుకుంటూ పోయి జీపులో పడేశాం. వెనక అద్దం రాయి తగిలి పగిలింది.

దారిలో అతను నోట్లో రక్తం ఊసి, కన్నడం కలిసిన తెలుగులో చెప్పాడు.

"నేను దొంగను కాదప్పా. నా గొర్రెలు పోతే యెతుక్కుంటా వచ్చినా. ఎడమ చెవికి కింద కోత, కుడి చెవికి చీలిక. అట్లాంటివి మూడుండాయి ఆ దొడ్లో. ఇవి నావని ఏలుపెట్టి సూపించినా. అంతే, కట్టేసినారు."

మాది రామసముద్రం వైపు పల్లె. మా నాయన బతికినన్నాళ్ళూ గొర్రెలు మేపాడు. తమ గొర్రెలని గుర్తుకు వేసే చెవికోత ఆ ఇంటి మనిషికి తప్ప ఇంకొకరికి అంత కచ్చితంగా తెలియదు. అతను చెప్పేది నిజమని నాకు అప్పుడే అర్థమైంది.

స్టేషన్‌కు రాగానే ఎస్సైకి అదే చెప్పాను. "సార్, వీడు దొంగ మాదిరిగా లేడు. ఆ దొడ్డి ఒకసారి సూసొస్తే తేలిపోతాది."

ఎస్సై పుట్టుకతో చెడ్డవాడేం కాదు. బావిలో పడ్డ ముసలామె కోసం యూనిఫాంతోనే దూకినవాడు. కానీ ముందు ఏడాది సమీక్షలో పడ్డ మాటలు అతన్ని ఇంకా వదల్లేదు.

"దొడ్డి యాడికి పోతాది? తర్వాత సూస్తాం. వీడు ఒప్పుకుంటే అన్నీ ఒక్కసారిగా తేలిపోతాయి. నువ్వు కాళ్ళు పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో ఆ ఒక్క మాటకూ నాకు సాకు దొరకలేదు.

మిట్టమధ్యాహ్నం, వెనక గదిలో బల్ల మీద బోర్లా పడుకోబెట్టి చేతులు కట్టేశారు. నేను రెండు మడమలూ అదిమి పట్టుకున్నాను. ఎస్సై చొక్కా విప్పి కుర్చీకి తగిలించి, లాఠీతో అరికాళ్ళ మీద కొట్టడం మొదలుపెట్టాడు. దెబ్బ పడ్డప్పుడల్లా ఆ శరీరం బల్ల మీద నుంచి ఎగిరేది. ఆ అదురు నా మోచేతుల దాకా వచ్చేది. చర్మం ముందు ఎర్రబడింది, తర్వాత నల్లబడింది, తర్వాత పగిలింది. అతను మెడ తిప్పి నన్ను చూశాడు.

"నువ్వన్నా చెప్పప్పా!"

నేను తల దించుకున్నాను గానీ చేతులు వదల్లేదు.

చివరికి "నేనే చేసినా, అన్నీ నేనే చేసినా. ఏం రాసుకుంటారో రాసుకోండి" అన్నాడు. ఎక్కడో పోయిన బోరు మోటారు సంగతి అడిగితే దానికీ తలూపాడు. ఆ వెంటనే వాంతి చేసుకుని స్పృహ తప్పాడు.

మదనపల్లెలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. జనం కొట్టారని రాయించమని ఎస్సై నాకు చెప్పి పంపాడు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు అట్లాగే చెప్పాను. ఆమె వీపు చూసింది, తల చూసింది, చివర కాళ్ళ దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"పైవన్నీ జనం కొట్టిన దెబ్బలే. మరి ఇవి? జనం అరికాళ్ళ మీద కొడతారా? ఒకరు గట్టిగా పట్టుకుంటేనే దెబ్బలు ఇంత వరసగా పడతాయి. ఎవరు పట్టుకున్నారు?"

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆమె చూసింది చూసినట్టు రాసింది.

అతని భార్య సరిహద్దు అవతల నుంచి ఇద్దరు పెద్దమనుషులతో వచ్చి పై అధికారికి ఫిర్యాదు ఇచ్చింది. శాఖాపరమైన విచారణ వేశారు. విచారణకు ముందురోజు ఎస్సై మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ ఇచ్చిన నీళ్ళు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"జనం కొట్టినారను, సాలు. లేకుంటే నా ఉద్యోగం పోతాది" అన్నాడు.

మర్నాడు విచారణాధికారి ఎవరు కొట్టారని అడిగారు. ఎస్సై గారన్నాను.

"అప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

"కాళ్ళు పట్టుకున్నాను సార్."

ఆయన కలం ఆపి, "ఇది రాస్తే నీకూ శిక్ష పడుతుంది, తెలుసా?" అన్నారు.

"రాయండి సార్. జరిగింది అదే."

ఆ సాయంత్రం బస్టాండులో, నాతో పదేళ్ళు కలిసి పనిచేసిన కానిస్టేబుల్ ఒకడు కాలరు పట్టుకుని "సొంతోళ్ళనే పట్టిస్తివి గదరా" అంటూ మూతి మీద గుద్దాడు. ముందుపన్ను ఊడి చేతిలోకొచ్చింది. జనం చుట్టూ మూగారు. నేను తిరిగి కొట్టలేదు. వాడు రెండోసారి చెయ్యెత్తి, ఎందుకో దించేసి, ఏడుస్తూ వెళ్ళిపోయాడు.

ఎస్సైని సస్పెండ్ చేసి కేసు పెట్టారు. నన్ను మళ్ళీ కానిస్టేబుల్‌గా దించి కుప్పం వైపు బదిలీ చేశారు. కొత్తగా వచ్చిన ఎస్సై ఆ పల్లెకు పోయి దొడ్డి చూశాడు. అతను చెప్పిన చెవికోతలతో మూడు గొర్రెలూ అక్కడే ఉన్నాయి. ఆ ఊరివాళ్ళే ఇద్దరు దొరికారు. వాళ్ళలో ఒకడు, ఆ రోజు జుట్టు పట్టుకుని అతని తలను స్తంభానికేసి మోదినవాడు.

తర్వాతి ఏడు ఎండాకాలం సెలవు మీద ఊరికి పోతూ పుంగనూరులో దిగాను. ఆ రోజు సంత. గొర్రెలు నిలబెట్టిన చోట అతను కనబడ్డాడు. పక్కన భార్య ఉంది. అతను అరికాళ్ళు పూర్తిగా నేలకు ఆనించలేక, పాదాల అంచుల మీద నడుస్తున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"గొర్రెల్ని ఎందుకు అమ్ముతాండావు?" అని అడిగాను. ఇంకో మాట తోచలేదు.

"వాటి ఎనకాల నడిచేదానికి కాళ్ళు యాడుండాయి?"

"తప్పు చేసినానప్పా."

"చేసినావు" అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఆ పొద్దు జనం కొడతా ఉంటే సచ్చిపోతాననుకున్నా. నువ్వు అడ్డం పడితివి సూడు, బతికిపోతిననుకున్నా. నువ్వే నా కాళ్ళు పట్టుకున్నాక ఇంకేమీ అనుకోలేదు."

భార్య అతని చెయ్యి పట్టుకుని "రా, బేరగాడు పిలస్తాండాడు" అంది. నా మొహం కూడా చూడలేదామె.

అతను అంచుల మీద అడుగులేస్తూ అటు వెళ్ళాడు. గొర్రెల్ని ఒక్కొక్కటిగా టెంపోలోకి ఎక్కిస్తున్నారు. అతను ప్రతిదాని వీపు మీదా ఒకసారి చెయ్యి వేసి పంపుతున్నాడు. చివరిది ఎక్కి, టెంపో కదిలేదాకా నేను అక్కడే నిలబడ్డాను.