పిన్నిగారి గ్యాసు బండి

ఇప్పటికీ ఎవరైనా పూతరేకుల పొట్లం చేతిలో పెడితే నేను ముందు తినను. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాను. నెయ్యి, బెల్లం, యాలకులు, వాటి వెనకాల ఎక్కడో కొంచెం కాలిన బియ్యప్పిండి. అంతే ఉండాలి. "ఏంటి నాన్నా, ఆ వాసన చూడ్డం!" అని మా అమ్మాయి నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. ఆ అలవాటు నేర్పినావిడను అది చూడలేదు.

ఆవిడ పేరు రత్నమ్మగారు. కొత్తపేట దగ్గర పూతరేకుల వ్యాపారం. తనకన్నా పెద్దవాళ్ళతో సహా ఊరంతా ఆవిడను పిన్నిగారనేది. చుట్టుపక్కల ఇళ్ళలో ఆడవాళ్ళు బోర్లించిన కుండల మీద రేకులు తీసి ఇస్తే, తన వసారాలో నెయ్యీ బెల్లం వేయించి, మడతలు పెట్టించి, ట్రాలీ ఆటోల్లో ఊళ్ళకు పంపేవారు. కొన్ని అమలాపురం, రాజోలు వెళ్ళేవి. ఎక్కువ సరుకు ముక్తేశ్వరం రేవులో బళ్ళను ఏరు దాటించే పంటు ఎక్కి, గోదావరి దాటి కాకినాడ చేరేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆ బళ్ళు తోలేవాళ్ళలో నేనొకణ్ణి. పూతరేకు చూడ్డానికి సుకుమారంగా ఉంటుందిగానీ మహా మొండిది. పక్కన ఏ వాసన ఉంటే దాన్ని పట్టేసుకుని ఇక వదలదు. మా బళ్ళేమో పాతవి. అవి వదిలే పొగలో వెనకొచ్చేవాడికి రోడ్డు కనబడేది కాదు.

పొగ వాసనంటూ కాకినాడ మిఠాయి కొట్టాయన ఒకసారి పెట్టెలన్నీ తిప్పి పంపాడు. ఆ కొట్టు పోతే మా దగ్గర రేకులు తీసేవాళ్ళలో చాలామందికి పని ఉండదు. డ్రైవర్లమంతా కూర్చుని గొప్ప ఉపాయం ఆలోచించాం. మర్నాడు బయల్దేరే ముందు ట్రాలీ తలుపులు మూసి లోపల గుప్పెడు అగరొత్తులు వెలిగించాం. సాయంత్రానికే ఆయన ఫోను.

"పిన్నిగారండీ, వీటిని తినమంటారా, దణ్ణం పెట్టుకోమంటారా? ఇంకోసారి ఇలాగొస్తే నేను వేరేవాళ్ళని చూసుకుంటానండి, ఏమనుకోకండి."

ఫోను పెట్టేసి ఆవిడ మా వైపు తిరిగారు. ఇవాళ మా పని అయిపోయిందనుకున్నాం. ఆవిడ పడీ పడీ నవ్వారు. కళ్ళు తుడుచుకుని, "పొగకి ధూపం మందేంట్రా? బళ్ళే మార్చేద్దాం" అన్నారు.

ఆటోలకు గ్యాసు నింపే బంకు కాకినాడలో పెట్టారని ఎవరో చెబితే స్వయంగా వెళ్ళి చూసొచ్చారు. ఒక పాత బండి ఇచ్చేసి, గ్యాసుతో నడిచే కొత్తది తెప్పించారు. పొగ లేదు, ఇంజను చప్పుడూ తక్కువే. అయినా దాన్ని ముట్టుకోవడానికి మాలో ఎవరికీ ధైర్యం చాల్లేదు. తాటిపాక వైపు గ్యాసు బావుల దగ్గర గొట్టాల చివర మండే మంటలు చూస్తూ పెరిగినవాళ్ళం, ఆ భయం ఊరికే పోతుందా? బండి పూజ రోజున పంతులుగారు కర్పూరం బిళ్ళ తీయగానే అందరం జామచెట్టు అవతలికి పరిగెత్తాం.

"పంతులుగారండీ, హారతి అదిగో ఆ చెట్టు దగ్గర వెలిగించి వాళ్ళకిచ్చేయండి. దిష్టి తగిలింది వాళ్ళకే" అన్నారు పిన్నిగారు. తర్వాత నన్ను పిలిచారు. "సత్తిబాబూ, తాళం తీసుకో. నీ పక్కన నేను కూర్చుంటాను."

"ఆయ్" అని, పంతులుగారి హారతి ఇంకోసారి కళ్ళకద్దుకుని తాళం తీసుకున్నాను.

ముక్తేశ్వరం రేవులో పంటు నడిపే సరంగు అడ్డంగా నిలబడ్డాడు. "గ్యాసు బండి ఎక్కనివ్వనండి. ఏటి మధ్యలో ఏదన్నా అయితే ఎవరండీ దిక్కు?" అప్పటికే ఎక్కిన జనం కూడా అతని వైపే మాట్లాడారు. పంటు దాటకపోతే ఆ పూట సరుకు చేరదు. చేరకపోతే కొట్టాయన ఇంకొకరిని చూసుకుంటాడు. పిన్నిగారు దిగి, చీర చెంగు దోపుకుని, నెమ్మదిగా అడిగారు.

"మీ ఇంట్లో వంట దేనిమీద బాబూ?"

"గ్యాసు మీదేనండి."

"రోజూ దాని పక్కన మీ ఆవిడ నిలబడితే మీకు భయం లేదు. ఒక్క గంట నా పక్కన నిలబడ్డానికి భయమొచ్చిందా?"

ముందు ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత పంటంతా నవ్వింది. సరంగు తల గోక్కుంటూ పక్కకు జరిగాడు. అవతలి ఒడ్డు వచ్చేదాకా ఆవిడ ట్రాలీ మీద చెయ్యి వేసి నిలబడే ఉన్నారు. ఆ చెయ్యి చూస్తుంటే నా భయం పోయింది.

కాకినాడలో కొట్టాయన పెట్టె తెరిచి వాసన చూశాడు. ఇంకో పెట్టె తెరిచాడు. అడుగున ఉన్నది లాగి మరీ చూశాడు. చివరికి ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. "నెయ్యి వాసన తప్ప ఇంకేం లేదండి. రేపట్నుంచి మామూలుగా పంపించేయండి." ఆ మాట వినగానే ఈల వేయాలనిపించింది. పిన్నిగారి ముందు బాగుండదని ఊరుకున్నాను. తిరుగు పంటులో ఆవిడే ఒక పెట్టె విప్పి, సరంగుతో మొదలుపెట్టి అందరికీ పంచారు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే మా బళ్ళన్నీ గ్యాసువే అయ్యాయి. అయినా బయల్దేరే ముందు మాచేత పెట్టె వాసన చూపించి, "ఇంకేమన్నా ఉందా?" అని అడగందే పిన్నిగారు బండి కదలనిచ్చేవారు కాదు. నాతోపాటు జామచెట్టు అవతలికి పరిగెత్తినవాళ్ళే కొత్త బండి నాకంటే నాకని దెబ్బలాడుకున్నారు. ఆ సరంగయితే మమ్మల్ని దూరం నుంచి చూసే, "పిన్నిగారి బండొచ్చింది, దారివ్వండి" అని కేకేసేవాడు.

పిన్నిగారు పోయి చాలాకాలమైంది. ఇప్పుడు నాకూ సొంత బళ్ళున్నాయి, అదే సరుకు. మొన్న బ్యాటరీ ఆటో కొని మొదటిసారి ముక్తేశ్వరం రేవుకు తీసుకెళితే, పంటు మీద ఒక పెద్దాయన కంగారుపడ్డారు. "కరెంటు బండి ఏటి మీదకా! అందరికీ షాకు కొడుతుందేమోనండి!"

"మీ చొక్కా జేబులో ఆ సెల్లుఫోను దేంతో నడుస్తుందండీ?" అన్నాను.

ఆయన జేబు తడుముకుని బ్యాటరీతోనన్నారు. పంటంతా నవ్వింది. నా గొంతులో ఆవిడ మాట వినబడి నాకు కళ్ళు చెమర్చాయి. పంటు ఏటి మధ్యకు వచ్చాక ట్రాలీ తలుపు కొంచెం తెరిచి లోపలికి తల పెట్టాను. నెయ్యి, బెల్లం, యాలకులు.

"ఆయ్, పిన్నిగారండీ. ఇంకేం లేదండి" అన్నాను, పక్కవాళ్ళకు వినబడేలాగే.