నా పాట అత్త వినేసింది

ఆ రోజుల్లో మలేషియాలోని మా క్లాంగ్ ఊరు మొత్తం మీద జపాను రాక్ పాటలంటే ప్రాణం పెట్టే తెలుగుపిల్లని నేనొక్కదాన్నేనని నాకు గట్టి నమ్మకం. సాయంత్రం బడి నుంచి రాగానే టీవీలో జపాను బొమ్మల సీరియల్ వచ్చేది. మాటలన్నీ మలయ్‌లోకి మార్చేవారు గాని, మొదట్లో వచ్చే పాటని మాత్రం ఎందుకో జపానులోనే వదిలేసేవారు. మిగతా పిల్లలు పాట ఎప్పుడైపోతుందా, కథ ఎప్పుడొస్తుందా అని చూసేవారు. నాకు పాటే కావాలి, కథ వచ్చినా రాకపోయినా ఒకటే. నలుగురు కుర్రాళ్ళ రాక్ బృందం పాడిన పాట అది. టీవీలో వచ్చే ముక్క చాలక, ఇంటర్నెట్‌లో పూర్తి పాట వెతికి పట్టుకుని, గది తలుపేసుకుని బట్టీ పట్టాను. ఒక్క మాటకీ అర్థం తెలియదు. (నా తెలుగు కూడా తెలుగు సంఘం వాళ్ళ ఆదివారం బడిలో నేర్చుకున్నదే. అర్థం తెలియని పద్యాలు అప్పజెప్పడం నాకు కొత్తేమీ కాదు.)

కాలేజీలో చేరిన ఏడాది ఆ బృందం కౌలాలంపూర్ వస్తోందని తెలిసింది. మధ్యాహ్నం కచేరీ, సాయంత్రానికల్లా ఇంటికొచ్చేయొచ్చు. అయినా నాన్న ఒప్పుకోలేదు. "బొమ్మల పాటలు ఇనడానికి అంత దూరం ఎల్తావేటి? ఒక్కదానివీ ఎల్లడానికి నేదు," అన్నారు. అన్నయ్యని బతిమాలితే వాడు ఫుట్‌బాల్ ఆట ఉందన్నాడు. అప్పుడు, ఆ మూల కూర్చుని టీ తాగుతున్న మా మేనత్త కప్పు కింద పెట్టి, "నానెల్తాను లా, దీనికి తోడు," అంది, మా మలేషియా వాళ్ళందరిలాగే మాటకో 'లా' తగిలించి. ఇంకెవరైనా నయం. అత్త మా గుడిలో శుక్రవారం భజనకి పెద్ద. ఎవరైనా తాళం తప్పితే పాట ఆపించి, తప్పినవాళ్ళని ఓసారి చూసి, మళ్ళీ పల్లవి నుంచి మొదలుపెట్టించే రకం. కానీ ఆవిడ రాకపోతే నేనూ వెళ్ళనట్టే. సరేనన్నాను.

కచేరీ నాడు అత్త పట్టుచీర కట్టుకుని, జడలో మల్లెపూలు పెట్టుకుని దిగింది. "అంత దూరం నుంచి వచ్చినారు గదా, మనం మర్యాదగా ఉండాల," అంది. బృందం పేరున్న నా నల్ల చొక్కా చూసి, "సావింటికి ఎల్తన్నట్టు ఈ గుడ్డలేటే," అని రైలెక్కే దాకా సణిగింది. ఆవిడ చేతిసంచీలో ఏముందో నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది. హాలు గుమ్మం దగ్గర కాపలా అతను సంచీ తెరిస్తే ఫ్లాస్కు, గొడుగు, పెద్ద డబ్బా నిండా జంతికలు (మా దగ్గర అందరూ మురుక్కు అనే అంటారు) బయటపడ్డాయి. తిండి లోపలికి తేకూడదన్నాడు. అత్త మలయ్‌లో, "మురుక్కు అబ్బాయ్, బాంబు కాదు," అని నచ్చజెప్పబోయింది. అతను వినలేదు. పారేయడమా? అత్త వంశంలోనే లేదు. డబ్బా మూత తీసి వరసలో ఉన్నవాళ్ళందరికీ పంచడం మొదలుపెట్టింది. మొదటి గుప్పెడు ఆ కాపలా అతనికే.

వరసలో సగం మంది బొమ్మల్లోని పాత్రల్లా వేషాలు వేసుకొచ్చారు. నీలం విగ్గు పెట్టుకున్న ఓ చైనీస్ కుర్రాడినీ, తలకి కొమ్ములు తగిలించుకున్న ఓ మలయ్ అమ్మాయినీ అత్త కిందికీ పైకీ చూసి, "పాపం, ఈ ఎండలో ఏసాలేటి," అని ఇంకో రెండేసి పెట్టింది. వాళ్ళు "ఆంటీ, ఆంటీ" అంటూ ఆవిడతో ఫోటోలు దిగారు. ఏళ్ళ తరబడి ఇలాంటి స్నేహితులు దొరికితే బాగుండునని ఏడ్చినదాన్ని నేను. నా వైపు ఒక్కరూ చూడలేదు.

లోపల కుర్చీలు లేవు, అందరూ నిలబడి వినాల్సిందే. నేను వేదిక ముందుకి పోయి అడ్డకమ్మీ పట్టుకుని నిలబడాలని కలలుగన్నాను. అత్త మాత్రం, "నిలబడి ఇనడానికి ఇది పాటా, రేసన్ క్యూవా," అని ఎవర్నో పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుంది. దాన్ని వెనక గోడ పక్కన వేశారు. తోడొచ్చిన మనిషిని వదిలి పోలేను గదా, నేనూ గోడ పక్కనే. గిటార్లు మోగగానే అత్త రెండు చెవులూ మూసుకుంది. రెండో పాటకి ఒక చెవి వదిలింది. మూడో పాటకి నా చెవిలో, "ఆ డోలు కుర్రోడు పరిగెడతన్నాడు, పట్టుకోమను," అని అరిచింది. నాలుగో పాటలో గాయకుడు 'ఎల్లిపోరా' అన్నాడట. ఎవర్ని అన్నాడో నేను చెప్పాలట. అది జపాను అత్తా అంటే, "తెలుగులాగే ఇనపడింది మరి," అంది.

వాళ్ళు కొత్త పాటలే పాడుతున్నారు. నా పాట చివర్లో వస్తుందని నాకు తెలుసు. అంతలో అత్త, "గొంతెండిపోతంది, నీల్లు తే," అంది. ఇంకా టైముంది గదా అని పరిగెత్తాను. నీళ్ళ దగ్గర వరస. సీసా కొనుక్కుని తిరిగొచ్చేసరికి అత్త లేదు. కుర్చీ కూడా లేదు.

ఆవిడకి బీపీ ఉంది. ఆ మోతకి కళ్ళు తిరిగి పడిపోతే ఎవరైనా కుర్చీతో సహా మోసుకుపోయారేమో అనుకున్నాను. బయటికొచ్చి ఆడవాళ్ళ బాత్రూములు చూశాను, ప్రథమ చికిత్స గది చూశాను. సరిగ్గా అప్పుడే గోడవతల ఆ గిటారు మొదలైంది. నా పాట. మొదటి రెండు మీటులకే హాలంతా కేక పెట్టింది. లోపలికి పరిగెడితే నాలుగడుగుల్లో తలుపు. నేను ఆ తలుపు వైపు చూసి, మెట్ల వైపు పరిగెత్తాను. మెట్ల కింద కూడా అత్త లేదు. పాట సగమయ్యాక గుమ్మం దగ్గర కాపలా అతన్ని పట్టుకున్నాను. అతను నోట్లో జంతిక నమిలి మింగేదాకా ఆగి, "చీర కట్టుకున్న ఆంటీయా? అందరికన్నా ముందుంది," అన్నాడు.

జనాన్ని తోసుకుంటూ వేదిక దగ్గరికి చేరేసరికి ఆఖరి డ్రమ్ము దెబ్బ పడింది. అత్త అడ్డకమ్మీకి ఆనించిన కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ పైకెత్తి భజన తాళం వేస్తోంది. ఒక పక్క నీలం విగ్గు, ఇంకో పక్క కొమ్ములు. ఆంటీకి కనపడడం లేదని వాళ్ళే కుర్చీతో సహా ముందుకి తెచ్చారట. గాయకుడు ఆవిడకేసి వంగి నమస్కారం పెట్టాడు.

"ఎక్కడికెలిపోనావే? నీ పాట, గదిలో తలుపేసుకుని పాడతావే అది, ఇప్పుడే అయిపోనాది," అంది అత్త, నా చేతిలో సీసా తీసుకుని గటగటా తాగి. "శానా బావుంది."

నా మొహం చూసి అత్తే లేచింది. "ఉండు, నానడుగుతాను. మల్లీ పాడతారు," అని వేదిక మీద వైర్లు చుడుతున్న మనిషి వైపు నడిచింది. చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. క్లాంగ్ దాకా మాట్లాడకూడదని నిశ్చయం. సుబాంగ్ జయా స్టేషన్ దాటాక పక్కనుంచి సన్నగా రాగం మొదలైంది. నా పాటే. "నువ్వు ఇన్నేదు గదా. మర్సిపోకముందు పాడి ఇనిపిస్తన్నాను," అంది అత్త. మాటలన్నీ ఆవిడ సొంతం, మధ్యలో రెండు చోట్ల రామా కృష్ణా కూడా వచ్చారు. గమకాలు వేసింది. చరణం చివర పైకి పోవాల్సిన చోట కిందికి దింపేసింది. మొదటిసారి పళ్ళు బిగించి ఊరుకున్నాను. రెండోసారీ దింపేసింది. షా ఆలమ్ స్టేషన్లో ఇక నావల్ల కాలేదు. "అలా కాదత్తా, పైకెళ్ళాలి," అన్నాను. "అయితే నువ్వు సెప్పు," అంది. క్లాంగ్‌లో దిగేసరికి ఎదురు సీట్లో ముసలాయన కాలితో తాళం వేస్తున్నాడు.

ఆ బృందం మళ్ళీ మలేషియా రాలేదు. కొన్నాళ్ళకి విడిపోయారని విన్నాను. అత్త మాత్రం ఇప్పటికీ లిటిల్ ఇండియా బజారులో పూలకొట్ల దగ్గర ఎవరు దొరికినా చెబుతుంది. "నాను జపానోల్ల కచేరీకి ఎల్లినాను. మా పిల్లని కూడా తీసుకెల్లినాను. అసలు పాటొచ్చే టయానికి అది ఎక్కడో తిరగతంది, పాపం." మొదట్లో ఉడుక్కుని సరిదిద్దేదాన్ని. ఇప్పుడు సంచీలు పట్టుకుని పక్కనే నిలబడి వింటాను. నల్ల చొక్కా వేసుకుని, ఏడుపు ఆపుకుంటూ, ఒక్కో తలుపూ తోసి "అత్తా" అని పిలుస్తూ తిరిగిన ఆ పిల్ల కళ్ళముందు కనిపిస్తుంది. అంత ఇష్టమైన పాట గోడవతల మోగిపోతుంటే, దాని చెవులు మాత్రం అత్త గొంతు కోసం వెతుక్కుంటున్నాయి. పిచ్చిది.