ఇత్తడి గుల్లలు, గంగారాం సంతకం

మొన్న శుక్రవారం ఈ అరబ్బు ఊళ్ళో, మలాజ్ పేటలో ఒక పాత సామాన్ల కొట్టు ముందు ఆగిపోయాను. కొట్టతను ఇత్తడి కాఫీ కూజాను నిమ్మచెక్కతో తోముతున్నాడు. ముందు పులుపు, దాని వెనకే తడి ఇత్తడి వాసన. చిల్లర నాణేలు చాలాసేపు గుప్పిట్లో పట్టుకుని తెరిస్తే అరచేయి ఎలా వాసన వేస్తుందో, అలాంటిది. కొట్టతను ఏం కావాలని అడిగాడు. ఏమీ వద్దన్నాను కానీ కదలలేకపోయాను. నాకు పని నేర్పిన గంగారాం అన్న ఈ ఊరు వదిలి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ వాసన తగిలితే చాలు, ఆయన పక్కనే కూర్చున్నట్టుంటుంది.

యుద్ధం ముగిసిన ఏడాది ఎండాకాలంలో కంపెనీ వాళ్ళు నన్ను ఊరి చివర సులైలోని ఒక షెడ్డుకు పంపారు. సైరన్లు ఆగిపోయి నెలలైనా, ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే అందరం ఉలిక్కిపడే రోజులవి. తుపాకులు పేల్చడం నేర్పే మైదానాల నుంచి, పేలిపోయిన తూటాల ఇత్తడి గుల్లలు పీపాల్లో మా దగ్గరికి వచ్చేవి. వాటిని కడిగి, ఆరబెట్టి, మెరుగు పెట్టి పంపితే ఇంకోచోట మళ్ళీ మందు నింపేవాళ్ళు. ఆ పనికి పెద్ద గంగారాం. మెట్‌పల్లి దగ్గరి పల్లె ఆయనది. తాతల నాటి నుంచి ఇత్తడి బిందెలు కొట్టిన ఇల్లు. స్టీలు బిందెలొచ్చి ఆ పని మూలపడ్డాక ఇక్కడికి వచ్చాడు. కంపెనీ ఇచ్చిన ఆసిడ్ దగ్గు తెప్పిస్తోందని దాన్ని పక్కన పడేసి, చింతపండు పులుసుతో కడిగేవాడు.

"ఎంతసేపు నానిందో యాది పెట్టుకో," అన్నాడు మొదటిరోజే. "ఇత్తడి ఎర్రబడ్డదంటే బలం పోయినట్టే. మెరుస్తున్నదని మురువకు."

కడగడం ఒక ఎత్తు, ఏరడం ఒక ఎత్తు. మూతి దగ్గర వెంట్రుకంత పగులుంటే ఆ గుల్ల పనికిరాదు. అడుగు వైపు లోపలి గోడ పలచబడి ఉంటే బయటికి ఏమీ కనబడదు. అందుకు ఆయన ఒక సన్నని తీగ కొనను వంచి పెట్టుకున్నాడు. దాన్ని గుల్లలోకి దించి గోడ వెంట పైకి లాగితే, పలచబడ్డ చోట చిన్న గాడిలా తగులుతుంది. తగిలిన గుల్లను వెంటనే పట్టకారుతో నొక్కి చదును చేసేవాడు, మళ్ళీ ఎవరూ మంచివాటిలో కలపకుండా.

కొన్నాళ్ళకు పీపాల రాక ఎక్కువైంది. ఒకరోజు ఫోర్‌మన్ వచ్చి ఏరడం ఆపేయమన్నాడు. వాళ్ళ మాటలు హిందీలో సాగాయి. గుర్తున్నంతవరకు మన మాటల్లో చెబుతున్నాను.

"కడుగు, ఆరబెట్టు, పీపాల్లో నింపు. అంతే. తీగ పని బంద్."

"పగిలినయి గూడ పంపాల్నా?"

"పేల్చేది మనం కాదు కదా!"

"కాదు. అందుకే మనం చూడాలె. పేల్చేటోనికి ఇది కనబడదు."

మర్నాటి నుంచి గంగారాం అన్నను ఎండలో పీపాలు మోసే పనికి వేసి, ఆయన చోట నన్ను కూర్చోబెట్టారు. అప్పుడు ఇంటి దగ్గర నా భార్యకు నెలలు నిండాయి. ఇక్కడ ఉండటానికి నాకున్న అనుమతి పత్రం, ఇకామా, ఫోర్‌మన్ బీరువాలో ఉంది. నేను భయపడ్డాను. రెండు రోజులు, కంటికి కనబడే పగుళ్ళను కూడా వదిలేశాను.

మూడోరోజు మధ్యాహ్నం గంగారాం అన్న నీళ్ళు తాగడానికి లోపలికి వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. నేను నింపిన పీపాలో చెయ్యి పెట్టి గుప్పెడు గుల్లలు తీశాడు. వాటిలోంచి ఐదు ఏరి నా ముందు వరసగా నిలబెట్టాడు.

"చూడలేదా, చూసి ఇడిసిపెట్టినవా?"

"చూసిన," అన్నాను తలవంచుకుని.

"అయితే నీకు పని అచ్చినట్టే. ఇగ ధైర్యమే రావాలె."

తిట్టి ఉంటే ఓర్చుకునేవాణ్ణి. ఆయన తిట్టకుండా మళ్ళీ ఎండలోకి వెళ్ళిపోయాడు. నేను లేచి ఆ పీపాను నేల మీద బోర్లించాను. ఆ చప్పుడుకు ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చి, ఇద్దరికీ ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేస్తానని అరిచాడు. నేను ఏరుతూనే ఉన్నాను. గంగారాం అన్న వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

ఆ వారమే మా వీసాలిచ్చిన యజమాని, కఫీల్, షెడ్డుకు వచ్చాడు. వేట అలవాటున్న మనిషి. గంగారాం అన్న ఆయన చేతికి గుల్ల, తీగ ఇచ్చి, లోపల లాగి చూడమన్నాడు. గాడి తగలగానే కఫీల్ చెయ్యి ఆగింది. "దీన్ని నీ చెంప పక్కన పెట్టుకుని పేలుస్తావా?" అని గంగారాం అన్న తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో అడిగాడు. కఫీల్ గుల్లను బల్ల మీద పెట్టేశాడు. ఫోర్‌మన్ వైపు తిరిగి, అన్నీ ఏరి పంపమని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

గెలిచామనుకున్నాను. మూడు వారాలకే గంగారాం అన్నకు ఎగ్జిట్ కాగితం వచ్చింది. మనుషులను ఎగదోస్తున్నాడని ఫోర్‌మన్ పైకి చెప్పాడట. సొంత ఇష్టంతో పని మానుతున్నట్టు అందులో రాసి ఉందని ఆఫీసు గుమస్తా చదివి వినిపించాడు.

"పోతా. కని గిట్ల రాస్తే సంతకం పెట్ట," అన్నాడు గంగారాం అన్న.

తొమ్మిది రోజులు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసు గది బయట కుర్చీలో కూర్చున్నాడు. బెదిరించారు, బతిమాలారు. పదోరోజు, తామే పనిలోంచి తీసేస్తున్నట్టు కాగితం మార్చారు. దాన్ని గుమస్తాతో రెండుసార్లు చదివించుకుని, పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో సంతకం పెట్టాడు.

"ఏం గెలిచినమన్నా? ఎట్లయినా పోవుడే గదా," అన్నాను.

"పంపుడు వాళ్ళ చేతుల ఉన్నది. అబద్ధమాడుడు నా చేతుల ఉన్నది. నేనాడ."

ఆ తర్వాత నేను ఆ షెడ్డులో మూడేళ్ళున్నాను. పగిలిన గుల్ల ఒక్కటి కూడా తెలిసి దాటనివ్వలేదు.

ఇప్పుడు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పని చేస్తున్నాను. పోయిన నెల ఒక ఐదంతస్తుల భవనంలో లిఫ్టు తాడు పోగులు తెగి ఉండటం చూసి దాన్ని ఆపేశాను. ఇంకో నెల నడుస్తుంది, సరిగ్గా ఉందని రాసివ్వమన్నాడు మేనేజరు. రాయనన్నాను. వేరేవాళ్ళతో రాయించుకుంటానన్నాడు. రాయించుకోమన్నాను. ఆ వేరేవాళ్ళు ఇంకా దొరకలేదు, కొత్త తాడూ రాలేదు.

నిన్న వెళ్తే, ఐదో అంతస్తులో ఉండే ఈజిప్టు పెద్దాయన బియ్యం సంచితో మెట్ల దగ్గర ఆయాసపడుతూ కనిపించాడు. లిఫ్టు ఆపింది నేనేనని తెలిసి తిట్టడం మొదలుపెట్టాడు. సంచి నా భుజాన వేసుకుని ఆయన వెనకే ఎక్కాను. ఐదో అంతస్తు దాకా తిడుతూనే ఉన్నాడు. సంచి గుమ్మంలో దించి, కిందికి వచ్చి, లిఫ్టు తలుపుకు వేసిన తాళాన్ని గట్టిగా లాగి చూసుకున్నాను.