ల్యాబులో పరుపులు, ఢిల్లీకి వినతిపత్రం

ఎవరైనా 'సైంటిస్టు గారూ' అని పిలిస్తే చాలు, ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేసే రకాన్నని నాకు నిజంగా తెలియదు. తెలిసేసరికి సిరా ఆరిపోయింది.

విజయవాడలో నేను ఫిజిక్సు చెప్పే జూనియర్ కాలేజీ యజమాని రాజకీయ నాయకులు కూడా. దేశానికి ఒక జాతీయ విజ్ఞాన విధానం కావాలని ఆయన ఢిల్లీకి వినతిపత్రం పంపదలచారు. తొలి సంతకం సైన్సు మనిషిదైతే బాగుంటుందని నన్ను పిలిపించారు. "రండి సైంటిస్టు గారూ!" అన్నారు. ఇన్నేళ్లుగా గురుత్వాకర్షణ పాఠం చెబుతున్నానా, ఆ పూట అది నా మీద పనిచేయలేదు. తేలిపోయాను.

సంతకం పెట్టేసి, మెట్లు దిగుతూ దాని కాపీ చదివాను. 'ప్రతి విద్యార్థి చేతికీ ప్రయోగం' అని ఉంది. మా ల్యాబు గుర్తొచ్చింది. హాస్టల్లో మిగిలిన పరుపులు ఒకసారి అందులో సర్దారు, మళ్లీ కదల్చలేదు. పిల్లలు సీనియర్ల రికార్డులు చూసి తమవి నింపుకుంటారు. ప్రాక్టికల్సు అంటే మా దగ్గర చేతిపని కాదు, చేతిరాత. దాని మీద ఎర్ర టిక్కులు నావే.

మధ్యాహ్నాలు ఆ పరుపుల మీద నేనూ ఒరిగేవాణ్ణి. కిటికీలోంచి కృష్ణ మీది గాలి వచ్చేది. దూది వాసనలో, సగం నిద్రలో, బల్లల చుట్టూ పిల్లలు మూగినట్టు, గాజుపట్టకాల్లో వెలుగు విరిగి గోడలంతా రంగులు పాకినట్టు ఉండేది. కల పలచబడితే మళ్లీ పరుపులే.

ఈ పిల్లలైనా కాలేజీ వదిలేలోపు ఒక్క ప్రయోగం స్వయంగా చేయాలని ఆ మెట్ల మీదే పట్టుకుంది నాకు. అనుచరులతో నిండిన ఆయన గదికి వెనక్కి వెళ్లాను.

"సార్, ఈ విధానం మన కాలేజీకి కూడా వర్తిస్తుందాండీ?"

"అదేం ప్రశ్న మాస్టారూ?" సైంటిస్టు హోదా అప్పటికే ఊడిపోయింది.

"ల్యాబులో పరుపులున్నాయి కదండీ. తీయిస్తే..."

"ఇది జాతీయ విధానమండీ బాబూ! లోకల్ పరుపుల సంగతి తర్వాత చూద్దాం. అయినా తీసేస్తే వాటి మీద పడుకునేవాళ్లు ఏమవుతారు?"

"పడుకునేది నేనొక్కణ్ణేనండీ."

అనకుండా ఉండాల్సింది. గదంతా నవ్వింది. వినతి ఆయనది, వినడం నాది.

వినతిపత్రం పంపే సాయంత్రం కాలేజీ ఆవరణలో సభ పెట్టారు. తొలి సంతకానికి నాకు శాలువా కప్పి, రాకెట్టు ఆకారంలో ఇత్తడి జ్ఞాపిక ఇచ్చారు. ఆయన ఉపన్యాసం మొదలుపెట్టగానే నేను వేదిక దిగి వెనక వరసల్లో నా పిల్లల దగ్గరికి వెళ్లాను. షామియానా తాడు ముక్క ఒకటి దొరికింది. రాకెట్టును దానికి కట్టి, అడ్డకర్రకు వేలాడదీసి, కాస్త పక్కకి లాగి వదిలాను.

"సార్, ప్రాక్టికలా?" అంది ఒకమ్మాయి గుసగుసగా.

"అవునమ్మా. వాచీ ఉన్నవాళ్లు టైము చూడండి. తర్వాత తాడు పొట్టి చేద్దాం."

పొద్దు వాలుతోంది. రాకెట్టు నీడ షామియానా గుడ్డ మీద పడవలా అటూ ఇటూ జారుతోంది.

"పొట్టిదైతే తొందరగా ఊగుతోంది సార్! రికార్డులో రాసింది నిజమే!"

ఒక్కో వరసా మా వైపు తిరిగింది. తలలన్నీ మెల్లగా ఊగసాగాయి. వేదిక మీంచి చూసి, అది తన మాటల మహిమ అనుకున్నట్టున్నారు, ఆయన ఉత్సాహంగా మరో పేజీ తిప్పారు. మేము ఈసారి తాడు జానెడు పెంచాం.