పన్నెండు బోల్టుల మూత

ప్రధానానికి సిద్ధమయ్యే వరుడి తల మీద పూలు పడాలి. నా తల మీద రెండు లీటర్ల గేర్ నూనె పడింది. ఆ సాయంత్రానికి నాగల్‌గిద్దలో ఒక కుటుంబం కన్నీళ్లు పెట్టుకుంది. నారాయణఖేడ్‌లో మా అమ్మ ఉపవాస ప్రార్థన మొదలుపెట్టింది. ఇదంతా సాతాను పని అని తేల్చేయాలని నేను చాలా ప్రయత్నించాను. మా పాస్టర్ ఒప్పుకోలేదు. చేసింది నేనే.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. ఇంటర్ పాసై, ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ణి. లేఖనంలో అంకె కనబడితే దాని అర్థం చెప్పందే వదిలేవాణ్ణి కాదు. ఏడు సంపూర్ణత, నలభై పరీక్ష. ఆటో నంబరులో నలభై కనబడితే ఆ ఆటో ఎక్కకుండా కల్హేర్ దాకా బస్సులో నిలబడే పోయేవాణ్ణి.

నాగల్‌గిద్దలో కరుణ అనే అమ్మాయితో నాకు సంబంధం కుదిరింది. పదో తరగతి చదివి, కుట్టుమిషన్ పెట్టుకుంది. ఆదివారం ఆరాధన తర్వాత ప్రధానం, అంటే నిశ్చితార్థం. పాటల బృందాన్నంతా మా పాత జీపులో నేనే తీసుకెళ్లాలి. ఆ దారి గుంతలు మీకు తెలియకపోతే మీ నడుము అదృష్టం చేసుకున్నట్టే.

జీపు వెనక చక్రాల మధ్య, ఇరుసు నడుమ, గుమ్మడికాయంత ఇనుప బుర్ర ఒకటి ఉంటుంది. అదే డిఫరెన్షియల్. మా దగ్గర అందరూ డిఫ్రెన్స్ అంటారు. దాని లోపల పళ్ల చక్రాలు నూనెలో తిరుగుతుంటాయి. వెనకవైపు ఒక మూత బోల్టులతో బిగించి ఉంటుంది. మా జీపు మూతకు రాయి తగిలి సొట్టపడింది. నూనె చెమటలా కారుతోంది.

మెకానిక్ ఖాదర్ భాయ్ చూసి తేల్చేశాడు. "సొట్ట తీసి, నూనె కారకుండ కొత్త ప్యాకింగ్ ఏస్తే చాలు తమ్మీ."

"కాదు భాయ్. గట్టి మూత తెప్పిస్త. ఇరుసు మొత్తం గట్టిపడాలె."

"టోపీ మార్చుకుంటే నీ మోకాళ్లు గట్టిపడ్తయా? బరువు మోసేది ఇరుసు తమ్మీ, మూత కాదు."

"నువ్వు చూస్తుండు."

"సరే, తెప్పించుకో. గని ఫోన్ల ఫోటో చూసి కొనకు. ముందుగాల బండి కింద పండుకొని బోల్టులు లెక్కపెట్టు."

నేను లెక్కపెట్టాను. ఫోన్లో ఫోటో చూసి. అమ్మకానికి మూడు రకాల మూతలున్నాయి. ఒకటేమో మా పాత మూతలాంటి పలుచటి రేకు. ఇంకొకటి చేప మొప్పల్లా గీతలున్న నల్లటిది. మూడోది ఎర్రగా, మందంగా, పెళ్లిపందిరి దీపంలా మెరిసిపోతోంది. చుట్టూ బోల్టుల రంధ్రాలు పన్నెండు! పన్నెండుమంది శిష్యులు! ఇంతకంటే దేవుడు ఎలా చెబుతాడు? మోకరించి స్తోత్రం చెప్పి డబ్బు కట్టేశాను.

మూత శనివారం మధ్యాహ్నం వచ్చింది. ఖాదర్ భాయ్ చుట్టాల పెళ్లికి బీదర్ పోయాడు, సాయంత్రానికి గానీ రాడు. అంతవరకు ఆగే ఓపిక విశ్వాసికి ఉండాలి. నాకు లేదు. అమ్మ కొలత చూద్దామని తొడిగిన ప్రధానం అంగీతోనే జీపు కింద దూరాను. బోల్టులన్నీ విప్పి మూత లాగాను. లోపల నూనె ఉంటుందని నాకు తెలుసు. మూత తీస్తే అది బయటికి వస్తుందని మాత్రం ఆ క్షణం వరకు తట్టలేదు.

కళ్లు తుడుచుకుంటుండగా వీధిలో కేక వినబడింది. "పాత ఇనుముకు ఉల్లిగడ్డలూ!" విడిచిపెట్టినదాన్ని వెనక్కి తిరిగి చూడకూడదని పిల్లలకు నేను నేర్పిన పాఠమే. పాత మూత ఇచ్చేసి ఉల్లిగడ్డలు అమ్మ చేతిలో పెట్టాను. కొత్త మూత ఎత్తి ఇరుసుకు ఆనించాను. రంధ్రం రంధ్రానికి కలవలేదు. ఇరుసు వైపు లెక్కపెట్టాను. పది. ప్రార్థించి మళ్లీ లెక్కపెట్టాను. పదే. మా జీపు పది ఆజ్ఞల దగ్గరే ఆగిపోయింది!

వెంటనే కాబోయే మామ రత్నయ్యకు ఫోన్ చేశాను.

"మామా, రేపు వచ్చుడు కష్టమే. డిఫ్రెన్స్ వచ్చింది."

"డిఫ్రెన్సా? ఎప్పటిసంది?"

"శానా దినాలాయె. మూసిపెడ్దామనే చూసిన. కుదుర్తలేదు."

"ఏం తక్కువైంది బిడ్డా?"

"పన్నెండనుకున్న మామా. తీరా చూస్తే పదే."

"పదే అని మొదటి దినమే చెప్తిమి గద! సర్టిఫికెట్ సుత చూపెడ్తిమి!"

జీపు కాగితాల గురించి అంటున్నాడనుకున్నాను. "సర్టిఫికెట్ ఏం జేస్తది మామా? పదికి పన్నెండు కలువదు. ఇగ ఇంకోటి చూసుకోవాలె."

ఫోన్ ఠక్కున కట్టయింది.

అక్కడ వినబడిందేమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది. పిల్లకు పదో తరగతే, నాకు పన్నెండు. రెండూ కలవవు, ఇంకో పిల్లను చూసుకుంటాను!

పొద్దు వాలకముందే మామ, వాళ్ల పాస్టర్‌ను బైక్ వెనక కూర్చోబెట్టుకుని దిగాడు.

"బయటికి రా! గిప్పుడు యాదికొచ్చిందా, నా బిడ్డ పదే సదివిందని?"

జీపు కింది నుంచి పాకుతూ వచ్చాను. నన్ను చూసి మామ తిట్టు మధ్యలో ఆగిపోయింది.

"గిదేం అభిషేకం నాయనా?" అన్నాడు పాస్టర్.

"బిడ్డనెవరన్నరు మామా! గీ మూత! గీ బోల్టులు!"

మామ ఎర్ర మూత అందుకుని వేలితో రంధ్రాలు లెక్కపెట్టాడు. తెల్ల ధోవతితోనే జీపు కింద దూరి అక్కడా లెక్కపెట్టాడు. బయటికొచ్చి కూతురికి ఫోన్ చేశాడు.

"ఏడ్వకు బిడ్డా. పిల్లగాడు మంచోడే. జర ఎడ్డోడు, గంతే."

ఇంతలో ఖాదర్ భాయ్ వచ్చి, ఇనుము బండివాణ్ణి వెంబడించి పాత మూత తెచ్చాడు. మిగిలిన ఉల్లిగడ్డలు తిరిగిచ్చాం. సగం అప్పటికే, ఉపవాసమున్న అమ్మ మా కోసం పెట్టిన కూరలో ఉడుకుతున్నాయి. సొట్ట తీసి, ప్యాకింగ్ వేసి, నూనె పోసి, "గిదే గద తమ్మీ నేను ముందుగాల చెప్పింది" అని మూడుసార్లు అన్నాడు.

ఆదివారం పాటల బృందం సహా సమయానికే చేరాం. నా అంగీ మాత్రం తమ్ముడిది. ఉంగరం తొడిగే వేళ కరుణ రెండు చేతుల వేళ్లూ చాచి, నాకొక్కడికే వినబడేలా అంది.

"ముందుగాల లెక్కపెట్టుకో. పదే ఉన్నయి."

ఎర్ర మూత ఇప్పుడు మా కోళ్లకు నీళ్ల గిన్నె. దాని ఎదుట నిలబడి, చెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నాను. బండి కింద పడుకోకుండా ఏ మూతా కొనను. ఫోన్లో డిఫ్రెన్స్ అనే మాట ఎత్తను. బతికినంతకాలం ఏ అంకెకూ అర్థం చెప్పను. ఏడుకు తప్ప. ఏడంటే సంపూర్ణతే.